రాళ్లు ఏరిన వార్తలు

పాలిటెక్నిక్‌లో నా దగ్గర చదువుకుని, ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి ఈమధ్య ఫోన్ చేసింది. "సార్, రోజూ గంటన్నర ఫోన్‌లో టెక్నాలజీ వార్తలే చూస్తున్నాను. అయినా మీటింగులో ఎవరైనా కొత్త విషయం ఎత్తితే నాకు మొదలూ తెలియదు, చివరా తెలియదు. ఏం చదవాలో చెప్పండి" అంది. ఆ అమ్మాయి శ్రద్ధకు వంక పెట్టడానికి లేదు. ఆమె దాకా వచ్చే వార్తలను ముందుగా ఎవరూ చెరగడం లేదు, రాళ్లు ఏరడం లేదు. బస్తాలోంచి నేరుగా ఎసట్లో పోసినట్టు వచ్చి పడుతున్నాయి. ఆమెకు ఫోన్‌లో చెప్పిన జవాబునే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

జవాబు న్యూస్‌లెటర్ (క్రమం తప్పకుండా ఈమెయిల్‌లో వచ్చే వార్తాలేఖ). అందులోనూ క్యూరేటెడ్ (ఒక మనిషి కూర్చుని ఏరి కూర్చిన) న్యూస్‌లెటర్. దాన్ని నడిపేవాళ్లు ఒకరో, ఇద్దరు ముగ్గురో ఉంటారు. వారమంతా తమ రంగంలో వచ్చిన వ్యాసాలు, కంపెనీల ప్రకటనలు, పరిశోధన పత్రాలు చదువుతారు. వాటిలోంచి పదో ఇరవయ్యో తీస్తారు. ఒక్కోదాని గురించి అదేమిటో, ఎందుకు చదవాలో రెండు మూడు వాక్యాల్లో రాస్తారు. కింద లింకు ఇస్తారు. అంతే. వాళ్లు ఇచ్చిన ఇరవై లింకులకంటే, మన దాకా రానివ్వకుండా పక్కన పడేసిన వందల సంగతుల వల్లే మనకు ఎక్కువ మేలు జరుగుతుంది. చెరిగేవాళ్ల చెయ్యి మంచిదైతే చేటలో తాలు మిగలదు. అందుకే న్యూస్‌లెటర్‌ను ఎంచుకోవడమంటే ఒక మనిషి చేతి నేర్పును ఎంచుకోవడమే అంటాను.

ఈమెయిల్ కొత్తదేమీ కాదు. రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు 1971లో ఒక కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ మీదుగా మరో కంప్యూటర్‌కు సందేశం పంపాడు. చిరునామాలో @ గుర్తు పెట్టిందీ ఆయనే. ఈమెయిల్‌లో వార్తాలేఖలూ పాతవే. కంప్యూటర్ భద్రత గురించి బ్రూస్ ష్నైయర్ రాసే 'క్రిప్టో-గ్రామ్' 1998 నుంచి నెలకొకసారి వస్తోంది, ఉచితంగానే. అప్పటికి గూగుల్ సంస్థ ఇంకా ఏర్పడలేదు. ఇంత పాత పద్ధతి గురించి ఇప్పుడు మాట్లాడటం ఎందుకు?

మొదటి కారణం ఫీడ్ (వేలితో జరుపుతున్నకొద్దీ వస్తూనే ఉండే వార్తల వరస). ఫీడ్‌లో ఏది పైన కనిపించాలో అల్గారిథమ్ (ముందే రాసిపెట్టిన లెక్క ప్రకారం నిర్ణయించే ప్రోగ్రామ్) తేలుస్తుంది. మనం దేని దగ్గర ఎంతసేపు ఆగామో, దేన్ని నొక్కామో అది గమనిస్తుంది. అలాంటివే మళ్లీ తెస్తుంది. ఇందులో కుట్ర వెతకనక్కర్లేదు. ప్రకటనల మీద బతికే సంస్థకు మనం అక్కడ ఎక్కువసేపు ఉండటం అవసరం. అయితే దాని ఫలితం మనమీద పడుతుంది. కొత్త ఫోన్ కెమెరా మీద పది వీడియోలు చూసినవాళ్లకు పదకొండోదీ కెమెరా మీదే వస్తుంది. వాళ్ల ఉద్యోగానికి కావలసిన డేటాబేస్ మార్పు కబురు రాదు. పైగా ఫీడ్‌కు అంతు లేదు. న్యూస్‌లెటర్‌కు ఉంది. చివరి వాక్యం తర్వాత ఇంకేమీ ఉండదు. ఈ వారానికి ఇంతే అని ఒక మనిషి మనతో చెప్పడం ఎంత ఊరటో అలవాటైనవాళ్లకు తెలుస్తుంది.

రెండో కారణం, మధ్యలో ఉన్న వేదిక తలుపు మూసేస్తే వార్త ఆగిపోతుంది. వెబ్‌సైట్ల కొత్త రాతలన్నీ ఒకచోట చూపించే గూగుల్ రీడర్ మీద ఎందరో ఆధారపడ్డారు. 2013 జులై 1న గూగుల్ దాన్ని మూసేసింది. 2023 ఆగస్టులో కెనడాలో మెటా సంస్థ, అక్కడి కొత్త చట్టంతో విభేదించి, ఫేస్‌బుక్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ వార్తలు కనిపించకుండా చేసింది. ఈమెయిల్‌కు అలాంటి ఒకే యజమాని లేడు. ఏ కంపెనీ మెయిల్ నుంచి ఏ కంపెనీ మెయిల్‌కైనా ఉత్తరం వెళ్తుంది. చందాదారుల చిరునామాల పట్టిక న్యూస్‌లెటర్ రాసేవాళ్ల దగ్గరే ఉంటుంది. కేసీ న్యూటన్ నడిపే 'ప్లాట్‌ఫార్మర్' న్యూస్‌లెటర్ 2024 జనవరిలో సబ్‌స్టాక్ అనే వేదికను విడిచి గోస్ట్ అనే మరో వేదికకు మారింది. పాఠకుల పట్టిక వెంట తీసుకెళ్లింది. చదివేవాళ్లకు మాత్రం ఎప్పటిలాగే మెయిల్ వచ్చింది.

మూడోది ఇంకా కొత్తది. యంత్రం చేసే సారాంశాలు చౌక అయిపోయాయి. వాటిలో తప్పులు దొర్లినప్పుడు బాధ్యత ఎవరిదో తెలియదు. 2024 డిసెంబరులో ఐఫోన్‌లోని సారాంశ సదుపాయం బీబీసీ వార్తను వక్రంగా కుదించి, జరగని సంగతిని జరిగినట్టు చూపించింది. బీబీసీ ఫిర్యాదు చేసింది. 2025 జనవరిలో ఆపిల్ వార్తల యాప్‌లకు ఆ సదుపాయాన్ని నిలిపేసింది. పేరు పెట్టుకుని రాసే మనిషి తప్పు చేస్తే, తర్వాతి సంచికలో సవరణ వేయాల్సి వస్తుంది. ఆ తేడా రాబోయే రోజుల్లో చాలా విలువైనది అవుతుందని నా నమ్మకం.

అన్ని వార్తలకూ న్యూస్‌లెటరే సరైన దారి అనుకోకూడదు. ఒక ఉదాహరణ కొంచెం నిదానంగా చూద్దాం. 2024 మార్చిలో మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన లినక్స్ యంత్రంలో ఒక చిన్న తేడా గమనించాడు. దూరంనుంచి లాగిన్ అవడానికి మామూలుకంటే అర సెకను ఎక్కువ పడుతోంది. ఇంకొకరైతే వదిలేసేవారు. ఆయన తవ్వుకుంటూ పోయాడు. కారణం 'ఎక్స్‌జెడ్ యుటిల్స్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తేలింది. ఫైళ్లను కుదించడం దాని పని. దాని 5.6.0, 5.6.1 కూర్పుల్లో ఎవరో బ్యాక్‌డోర్ (యజమానికి తెలియకుండా పెట్టిన దొంగదారి) పెట్టారు. మార్చి 29న ఆయన అందరికీ చెప్పాడు. అదృష్టం కొద్దీ అప్పటికి ఆ కూర్పులు ఎక్కువగా పరీక్ష దశలో ఉన్న లినక్స్ రకాల్లోకే చేరాయి.

ఈ వార్త రెండు రకాల మనుషులకు రెండు రకాలుగా కావాలి. సర్వర్లు చూసుకునేవాళ్లకు గంటల్లో కావాలి. మన యంత్రాల్లో ఆ కూర్పు ఉందేమో చూసి, ఉంటే వెంటనే పాతదానికి వెళ్లాలి. వారానికొకసారి వచ్చే ఉత్తరం వాళ్లను ఆదుకోలేదు. అలాంటివాళ్లు తాము వాడే సాఫ్ట్‌వేర్ సంస్థల భద్రతా హెచ్చరికలకు నేరుగా చందాదారులు కావాలి. మన దేశంలో సెర్ట్-ఇన్ (కంప్యూటర్ భద్రతా ఘటనలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) కూడా హెచ్చరికలు విడుదల చేస్తుంది. మిగతావాళ్లకు ఆ రోజే తెలియాల్సిన తొందర లేదు. వాళ్లకు కావలసింది తర్వాతి రోజుల్లో బయటపడిన అసలు కథ. 'జియా టాన్' అనే పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా ఓపిగ్గా ఆ ప్రాజెక్టుకు సాయం చేస్తూ వచ్చారు. జీతం లేకుండా దాన్ని ఒంటరిగా మోస్తున్న నిర్వాహకుడి నమ్మకం సంపాదించారు. మార్పులు చేసే అధికారం చేతికొచ్చాక దొంగదారి పెట్టారు. ప్రపంచమంతా వాడే సాఫ్ట్‌వేర్ అలసిపోయిన ఒక్క మనిషి భుజాల మీద నిలబడి ఉందన్న సంగతి మొదటి రోజు శీర్షికల్లో ఇమడదు. పది వ్యాసాలు చదివి, మంచివి రెండు చేతిలో పెట్టే మనిషి ఉంటే అది మన దాకా వస్తుంది. తొందర వార్తకు హెచ్చరిక, అర్థం చేసుకోవాల్సిన వార్తకు న్యూస్‌లెటర్. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే సగం గందరగోళం.

ఇక రకాలు. లింకుల సంకలనాలు కొన్ని. పీటర్ కూపర్ 2010లో మొదలుపెట్టిన 'జావాస్క్రిప్ట్ వీక్లీ' ఒకే ఒక ప్రోగ్రామింగ్ భాషను పట్టుకుని వారం వారం వస్తుంది. అదే ఏడాది మొదలైన 'హ్యాకర్ న్యూస్‌లెటర్' వారంలో వచ్చిన మంచి రాతలను చేత్తో ఏరి పంపుతుంది. రోజువారీ సారాంశాలు మరికొన్ని. 2018లో వచ్చిన 'టీఎల్‌డీఆర్' ఒక్కో వార్త పక్కన చదవడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో కూడా వేస్తుంది. ఒక్కరి విశ్లేషణతో నడిచేవి ఇంకో తరహా. బెన్ థాంప్సన్ 2013 నుంచి రాస్తున్న 'స్ట్రాటెకరీ' కంపెనీల వ్యాపార ఎత్తుగడలను విప్పి చెబుతుంది. క్రిప్టో-గ్రామ్ కూడా ఈ కోవలోదే. మన దేశపు సంగతులకు బెంగళూరు నుంచి 2016లో మొదలైన 'ద కెన్' ఉంది, దానికి చందా కట్టాలి. ఇంటర్నెట్ చట్టాలు, విధానాల మీద నిఖిల్ పాహ్వా 2008లో ప్రారంభించిన 'మీడియానామా' ఉంది. అమెరికా, ఐరోపాలకు బయట సాంకేతికత జనం బతుకుల్ని ఎలా మారుస్తోందో చెప్పే 'రెస్ట్ ఆఫ్ వరల్డ్' 2020లో వచ్చింది.

వీటిలో ఏది మంచిదని అడిగితే నేను పేరు చెప్పను. పరీక్ష పెట్టే పద్ధతి చెబుతాను. దాదాపు ప్రతి న్యూస్‌లెటర్‌కూ ఆర్కైవ్ (పాత సంచికల భాండాగారం) ఉంటుంది. చందా కట్టక ముందే అక్కడికి వెళ్లండి. తాజా సంచిక చూడకండి, తాజా వార్తలు ఎవరు రాసినా మెరుస్తాయి. మీకు బాగా తెలిసిన ఒక పాత ఘటన తీసుకుని, ఆ వారం సంచిక తెరవండి.

2024 జులై 19 తీసుకుందాం. ఆ రోజు క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క వేసింది. మన దేశంలో విమానాశ్రయాల్లో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. హైదరాబాద్ నుంచి బయల్దేరిన ప్రయాణికుడి చేతిరాత పాసు ఫొటో దేశమంతా తిరిగింది. ఇంతవరకు అందరూ రాశారు. మంచి సంపాదకులు ఇక్కడ ఆగరు. ఒక కంపెనీ పంపిన చిన్న ఫైలు మొత్తం యంత్రాన్నే ఎలా పడగొట్టిందని అడుగుతారు. ఆ సాఫ్ట్‌వేర్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) స్థాయిలో పనిచేస్తుంది, అక్కడ తప్పు జరిగితే యంత్రమే కూలుతుంది. ఆ సంస్థ తర్వాత విడుదల చేసిన నివేదిక ప్రకారం, కొత్త ఫైలు 21 అంశాలను ఆశించింది, ప్రోగ్రామ్ 20 మాత్రమే ఇచ్చింది. లేని ఇరవై ఒకటోదాన్ని చదవబోయి కుప్పకూలింది. ఆ ఫైలును విడతలవారీగా కాకుండా ఒకేసారి అందరికీ పంపారు. చాలాచోట్ల ఒక్కో యంత్రం దగ్గరికి మనిషి వెళ్లి సరిచేయాల్సి వచ్చింది.

మీరు తెరిచిన సంచికలో, లేదా తర్వాతి రెండు మూడు సంచికల్లో, ఈ 'ఎలా', 'ఎందుకు' అన్నవాటికి దారి చూపే లింకు ఉందా? ఉంటే ఆ చెయ్యి మంచిది. 85 లక్షలు, నీలి తెర, విమానాశ్రయం ఫొటో మాత్రమే ఉంటే, వాటిని టీవీలో చూసి ఉంటారు, మళ్లీ చదవక్కర్లేదు. ఇలాంటి పరీక్ష రెండు ఘటనల మీద చేస్తే చాలు. పనిలో పనిగా సవరణల కోసం కూడా వెతకండి. ఏళ్ల తరబడి వస్తున్న న్యూస్‌లెటర్‌లో ఒక్క సవరణ కూడా కనిపించకపోతే నాకు అనుమానం వస్తుంది.

తర్వాత అడగాల్సింది డబ్బు సంగతి. ఉచితంగా వస్తోందంటే ఎవరో కడుతున్నారని అర్థం. సాధారణంగా స్పాన్సర్ (ప్రకటన ఇచ్చి ఖర్చు భరించే సంస్థ) కడతారు. ఇందులో తప్పేమీ లేదు. ఏరి కూర్చడం రోజంతా తినే పని, దానికి జీతం కావాలి. చూడాల్సిందల్లా ప్రకటన పక్కన స్పాన్సర్ అని స్పష్టంగా రాశారా లేదా అన్నదే. రాస్తే అది నిజాయితీ. ఏ గుర్తూ లేకుండా ఒకే కంపెనీ సరుకును వారం వారం మెచ్చుకుంటుంటే మానేయండి. చందాతో నడిచేవాటిలో ఈ ఒత్తిడి తక్కువ. సబ్‌స్టాక్ లాంటి వేదిక చందా సొమ్ములో పది శాతం తీసుకుంటుంది, కార్డు చెల్లింపు ఖర్చులు పోగా మిగతాది రాసినవాళ్లకు చేరుతుంది. అయితే చాలావాటి ధర డాలర్లలో ఉంటుంది, మన జీతాలకు బరువే. విద్యార్థులు ఉచితమైనవాటితో మొదలుపెట్టినా నష్టం లేదు. క్రిప్టో-గ్రామ్ ఉచితం. స్ట్రాటెకరీలో కూడా కొన్ని వ్యాసాలు ఉచితం.

ఉచితానికి ఇంకో రూపంలో కూడా మూల్యం ఉంది. చాలా న్యూస్‌లెటర్లలో ట్రాకింగ్ పిక్సెల్ (కంటికి కనిపించని చుక్కంత బొమ్మ) ఉంటుంది. మీరు మెయిల్ తెరవగానే ఆ బొమ్మ పంపినవాళ్ల సర్వర్ నుంచి దిగుతుంది. ఒక్కో పాఠకుడికీ దాని చిరునామా వేరుగా ఉంటుంది కనుక, మీరు తెరిచారని, ఎప్పుడు తెరిచారని వాళ్లకు తెలుస్తుంది. ఎంతమంది తెరిచారో చూపి ప్రకటనల ధర అడుగుతారు. 2021 సెప్టెంబరులో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో అలాంటి బొమ్మలను ముందే దించేసే ఏర్పాటు పెట్టింది. దాంతో ఎవరు నిజంగా చదివారన్న లెక్క మసకబారింది. జీమెయిల్ వాడేవాళ్లు సెట్టింగుల్లో బయటి బొమ్మలు చూపించే ముందు నన్ను అడుగు అన్న ఎంపిక పెట్టుకోవచ్చు. ఇందులో భయపడేంత ఏమీ లేదు, తెలిసి ఒప్పుకోవడం మంచిది.

ఎన్ని తెప్పించుకోవాలి? మూడు. అంతకు మించితే మళ్లీ బస్తా మొదటికొస్తుంది. మీ వృత్తికి నేరుగా సంబంధించినది ఒకటి, వారానికొకసారి వచ్చేది. నిదానంగా విశ్లేషించేది ఒకటి. మన దేశపు సంగతులు చెప్పేది ఒకటి. రోజువారీవి నేను సలహా ఇవ్వను. సాంకేతిక రంగంలో నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య మారేది మనం అనుకున్నంత ఉండదు, వారం ఆగితే సగం వార్తలు వాటంతట అవే రాలిపోతాయి. కొత్తదాన్ని నాలుగు సంచికలు చూడండి. వరసగా రెండు తెరవకుండా ఉండిపోయాయంటే అది మీకు కాదు, మొహమాటపడకుండా ఆపేయండి.

ఆపేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. మీరు కోరి తెప్పించుకున్నదాన్ని స్పామ్ (అడగకుండా వచ్చిన చెత్త మెయిల్) అని నొక్కకండి. 2024 ఫిబ్రవరి నుంచి, జీమెయిల్ చిరునామాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవాళ్లు ఒక్క నొక్కుతో చందా ఆపే వీలు ఇవ్వాలని గూగుల్ నిబంధన పెట్టింది. స్పామ్ ఫిర్యాదులు వెయ్యికి మూడు దాకా చేరకూడదంది. అంటే వెయ్యిమందిలో ముగ్గురు బద్ధకంగా స్పామ్ అని నొక్కితే, మిగతావాళ్లకు కూడా ఆ ఉత్తరం చేరకపోవచ్చు. అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు పంపిన మెయిల్ విషయంలో మాత్రం దీన్ని తిరగేయండి. అందులోని లింకు నొక్కితే మీ చిరునామా బతికే ఉందని వాళ్లకు చెప్పినట్టవుతుంది. దాన్ని స్పామ్‌లోనే పడేయాలి.

ఒక చిన్న ఉపాయం కూడా చెబుతాను. జీమెయిల్‌లో మీ చిరునామాకు, @ గుర్తుకు ముందు, ప్లస్ గుర్తు పెట్టి ఏదైనా మాట చేర్చినా ఉత్తరం మీకే వస్తుంది. ఆ రూపంతో చందా కట్టి, అలా వచ్చినవన్నీ ఒక లేబుల్ కిందికి పోయేలా ఫిల్టర్ పెట్టుకోండి. ఆఫీసు మెయిళ్ల మధ్య కలవవు. ఆ రూపంలో ఇంకెవరి నుంచైనా మెయిల్ వస్తే, మీ చిరునామా ఎక్కడి నుంచి బయటికి పోయిందో కూడా తెలుస్తుంది. సంచిక ప్రమోషన్స్ అనే అరలో దాక్కుంటే పట్టుకుని ప్రైమరీలోకి లాగండి. వారంలో ఒక సమయం పెట్టుకోండి. నాకైతే ఆదివారం ఉదయం కాఫీ.

ఆ అమ్మాయికి ఇదంతా చెప్పాక ఆమె ఒక మాట అడిగింది. "సార్, తెలుగులో ఇలాంటివి లేవా?" నేను ఇక్కడ చెప్పినవన్నీ ఇంగ్లిషువే. తెలుగులో ఈ పని చేసే న్యూస్‌లెటర్లు తక్కువ. దీని నష్టం ఎవరికో చూడండి. హైదరాబాద్‌లో, బెంగళూరులో, డాలస్‌లో ఉద్యోగాలు చేసేవాళ్లకు ఇంగ్లిషు అడ్డం కాదు. జిల్లా కేంద్రంలో డిప్లొమా చదివే కుర్రాడికి, పల్లె బడిలో కంప్యూటర్ పాఠం చెప్పే టీచరమ్మకు అడ్డమే. వాళ్ల దగ్గరికి ఫీడ్ మాత్రం తెలుగులోనే వస్తోంది, రాళ్లూ తాలూ కలిసి. ఇంగ్లిషు న్యూస్‌లెటర్లు చదివే తెలుగువాళ్లను నేను అడిగేది ఇదే. మీరు చదివినవాటిలోంచి ఐదు సంగతులు ఏరి, ఒక్కోదానికి మూడు తెలుగు వాక్యాలు రాసి, మీరు చదువుకున్న కాలేజీలోని పిల్లలకు వారానికొకసారి పంపండి. మొదటి సంచికకు ఇరవై మంది చాలు. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.